మందిచ్చేవాడికే జబ్బు చేస్తే: సమనర్స్ వార్‌లో డీబఫ్‌లను తట్టుకోవడం ఎలా

మా జెరాక్స్ షాపు ఒడిశాలో పర్లాకిమిడి బస్టాండుకి నాలుగడుగుల దూరం. మెట్రిక్ ఫారాలు, కుల సర్టిఫికెట్ అప్లికేషన్లు, ఆధార్ ప్రింట్లతో పొద్దున్న ఊపిరాడదు. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా మాత్రం ఈగలు తోలుకోవడమే. పాతపట్నం వెళ్లే ఆటోల వాళ్లు కూడా సీట్లలో కాళ్లు చాపుకుని పడుకుంటారు. ఆ రెండు గంటలూ నేను సమనర్స్ వార్ ఆడతాను, మాన్‌స్టర్ల జట్టు కట్టి కొట్టుకునే ఫోన్ ఆట. ఇద్దరు పిల్లల తల్లివి, ఇదేం పనే అని మా అమ్మ అంటూనే ఉంటుంది. సీరియల్ చూడటం కంటే నయమని నేనూ అంటూనే ఉంటాను.

ఆట నేర్పింది మా తమ్ముడు. వాడు సూరత్‌లో మగ్గాల మిల్లులో రాత్రి షిఫ్టు చేస్తాడు. 2020 లాక్‌డౌన్‌కి ఇంటికొచ్చి కూర్చున్నప్పుడు, జూన్ 29న ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో వాడు ప్రాణంగా ఆడే మొబైల్ లెజెండ్స్ కూడా ఉంది. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు వెధవ. తర్వాత ఈ కొరియా ఆట దింపుకున్నాడు. 2014 నుంచీ ఉన్న ఆటే. ఒక్కడికే విసుగని నా ఫోన్‌లోనూ ఎక్కించాడు. వాడు సూరత్ వెళ్లిపోయాడు, ఆట నా దగ్గర ఉండిపోయింది. ఇప్పుడు ఇద్దరం ఒకే గిల్డ్‌లో, అంటే ఆటగాళ్ల సంఘంలో, ఉన్నాం.

డీబఫ్‌ల గురించి, అంటే మాన్‌స్టర్ మీద పడే చెడు ప్రభావాల గురించి, రాయాలనిపించింది ఒక ఓటమి వల్ల. గిల్డ్ యుద్ధంలో మూడేసి మాన్‌స్టర్లతో కొట్టుకోవాలి కదా. నావి గాలియన్, వెరోమోస్, కొనామియా. కొనామియా నీటి గరుడ. దాని మూడో స్కిల్ మనవాళ్ల మీద పడ్డ చెడు ప్రభావాలను తుడిచేస్తుంది. అందుకే అందరికంటే ముందు అదే కదలాలని వేగం రూన్‌లన్నీ (మాన్‌స్టర్‌కి తొడిగే బలం రాళ్లు) దానికే పెట్టాను. ముందు అదే కదిలింది. అప్పటికి ఎవరి మీదా ఏమీ పడలేదు, తుడవడానికి ఏమీ లేదు. తర్వాత అవతలి జట్టు దిగింది. మొదటి దెబ్బకే కొనామియా నెత్తి మీద నక్షత్రాలు తిరిగాయి. తర్వాత గాలియన్‌కి డిఫెన్స్ విరిగింది, ఆ తర్వాత గాలియనే లేడు. ఫోన్‌లో స్పీకర్ పెట్టి వింటున్న తమ్ముడు నవ్వాడు. "ఏటక్కా, మందులిచ్చేదాన్నే ముందు పడుకోబెట్టేశారా?"

నిజంగా జరిగింది అదే. చాలామంది డీబఫ్ పడ్డాక ఎలా తియ్యాలో నేర్చుకుంటారు. తీసేవాడి మీదే పడితే ఏం చెయ్యాలో ఆలోచించరు. నేనూ ఆలోచించలేదు.

ఏది ఎంత నొప్పి

ఆటలో తెలుగు లేదు, ఒడియా లేదు. ఐకాన్లు చూసి గుర్తుపట్టాల్సిందే. నేను వాటిని మూడు గుంపులుగా గుర్తుపెట్టుకున్నాను.

మొదటి గుంపు కాళ్లు చేతులు కట్టేసేవి. స్టన్, ఫ్రీజ్, స్లీప్ పడితే టర్న్ (కదిలే వంతు) పోతుంది. స్లీప్‌లో ఉన్నదాన్ని ఎవరైనా కొడితే మెలకువ వస్తుంది, అది కాస్త నయం. మనం అవతలివాణ్ణి నిద్రపుచ్చినా అంతే. నిద్రపుచ్చి, వెంటనే అందరినీ కొట్టే స్కిల్ వాడితే మనమే లేపినట్టు. ప్రొవోక్ పడితే రెచ్చగొట్టిన వాడినే, అదీ మొదటి స్కిల్‌తోనే కొట్టాలి. సైలెన్స్ పడితే కూల్‌డౌన్ ఉన్న స్కిల్స్, అంటే ఒకసారి వాడాక కొన్ని టర్న్‌లు ఆగాల్సినవి, పనిచెయ్యవు. అంటే క్లెన్స్ చేసేవాడికి (డీబఫ్‌లు తుడిచేవాడికి) సైలెన్స్ పడినా స్టన్ పడినా ఒకటే లెక్క. ఆబ్లివియన్ అయితే పాసివ్‌ని, అంటే దానంతటదే పనిచేసే స్కిల్‌ని, ఆపేస్తుంది. వెరోమోస్ తన టర్న్ వచ్చినప్పుడల్లా మనవాళ్లందరి మీద నుంచి ఒక్కో డీబఫ్ తీసేది పాసివ్‌తోనే. ఆబ్లివియన్ పడ్డ వెరోమోస్ మామూలు రాక్షసుడు, అంతే.

రెండో గుంపు బలం తగ్గించేవి. డిఫెన్స్ బ్రేక్ 70% డిఫెన్స్ తీసేస్తుంది. ఎటాక్ బ్రేక్ దాడిని సగం చేస్తుంది. స్లో వేగంలో 30% కోస్తుంది, 180 ఉన్నది 126 అవుతుంది. బ్రాండ్ పడితే ప్రతి దెబ్బా 25% ఎక్కువ తగులుతుంది. గ్లాన్సింగ్ డీబఫ్ పడితే మన దెబ్బలు జారిపోయే అవకాశం 50% పెరుగుతుంది.

మూడో గుంపు మెల్లగా తినేసేవి, తలుపులు మూసేసేవి. కంటిన్యూయస్ డ్యామేజ్ ఒక్కోటీ టర్న్‌కి మొత్తం హెచ్‌పీలో (ప్రాణంలో) 5% లాగుతుంది. 30,000 హెచ్‌పీ ఉన్నదాని మీద మూడు పడితే టర్న్‌కి 4,500 పోయినట్టే. బాంబు రెండు టర్న్‌ల తర్వాత పేలుతుంది, డిఫెన్స్‌ని లెక్కచెయ్యదు, పేలాక స్టన్ కూడా చేస్తుంది. అన్‌రికవరబుల్ పడితే హెచ్‌పీ నింపలేం. బఫ్ బ్లాక్ పడితే మంచి ప్రభావాలు ఏవీ ఎక్కవు.

ఇందులో డిఫెన్స్ బ్రేక్ దగ్గర కాస్త ఆగాలి. 70% అంటే మూడు రెట్లకు పైగా దెబ్బ తగులుతుందని మా తమ్ముడు చాలా రోజులు అనుకున్నాడు. తగలదు. ఆటగాళ్లు తవ్వితీసిన లెక్క ఒకటుంది. అసలు దెబ్బని 1000తో గుణించి, డిఫెన్స్‌కి 3.5 రెట్లు కట్టి దానికి 1140 కలిపిన అంకెతో భాగించాలి. ఖాళీగా ఉన్న ఒక మధ్యాహ్నం పాడైన ఫారం వెనకాల వేసి చూశాను. అసలు దెబ్బ 10,000 అనుకుందాం. డిఫెన్స్ 800 ఉన్నదానికి అది దాదాపు 2,540గా తగులుతుంది. డిఫెన్స్ విరిగి 240కి దిగితే 5,050. దాదాపు రెట్టింపు.

అదే లెక్క డిఫెన్స్ 400 ఉన్న మెత్తటిదానికి వేస్తే 3,940 కాస్తా 6,410 అయింది, అంటే ఒకటిన్నర రెట్లు దాటి కొంచెం. 1,200 ఉన్న గట్టిదానికి వేస్తే 1,870 నుంచి 4,170కి ఎగిరింది, రెండు రెట్లు దాటింది. గోడ ఎంత గట్టిదైతే విరిగినప్పుడు అంత నష్టం. నేనేమో ట్యాంకుకి డిఫెన్స్ విరిగితే వాడు ఓర్చుకుంటాడులే అని క్లెన్స్‌ని మెత్తటివాళ్ల కోసం దాచుకునేదాన్ని. ఆ కాగితం ఇప్పటికీ క్యాష్ డ్రాయర్‌లో ఉంది.

లోపలికి వచ్చే దారి

ప్రతి డీబఫ్ మన మాన్‌స్టర్ మీద పడే ముందు కొన్ని గడపలు దాటాలి. ఏ గడప దగ్గర ఆపుతున్నామో తెలియకుండా రూన్‌లు పెడితే మానా (ఆటలో డబ్బు) దండగ.

మొదటి గడప స్కిల్‌లోనే రాసి ఉంటుంది. 50% అవకాశం, 75% అవకాశం అని. అది అవతలివాడి చేతిలో ఉంది, స్కిల్‌ని అప్‌గ్రేడ్ చేసుకునే కొద్దీ పెంచుకుంటాడు. అక్కడ మనం చెయ్యగలిగింది ఏమీ లేదు.

రెండోది గ్లాన్సింగ్. నిప్పు గాలిని కొడుతుంది, గాలి నీటిని, నీరు నిప్పుని. తన మీద బలమున్న జాతిని కొట్టబోయినప్పుడు దెబ్బ జారే అవకాశం ఉంటుంది, జారిన దెబ్బతో డీబఫ్ ఎక్కదు. వెలుగూ చీకటీ ఒకదాని మీద ఒకటి బలమే, వాటి మధ్య ఈ జారుడు లేదు. అవతల స్టన్ చేసేది నిప్పుదైతే నీటి మాన్‌స్టర్‌ని ఎదురుగా పెట్టడం అందుకే. ఇది పైసా ఖర్చు లేని రక్షణ, ఎందుకో చాలామంది లెక్కలోకే తీసుకోరు. కాకపోతే కొట్టకుండా ఊరికే ప్రభావం మాత్రం వేసే స్కిల్స్ ఉంటాయి, వాటికి జారడమనేది లేదు.

మూడోది ఇమ్యూనిటీ. అది ఉన్నంతసేపు కొత్త డీబఫ్ పడదు. రెండు విషయాలు మాత్రం మరిచిపోకూడదు. అప్పటికే పడ్డవాటిని అది తియ్యదు. బఫ్‌లు (మంచి ప్రభావాలు) పీకే స్ట్రిప్‌ని ఆపదు. అవతలివాడు ముందు స్ట్రిప్‌తో ఇమ్యూనిటీ పీకి, వెనకే స్టన్ వేస్తాడు. తెలిసినవాళ్ల జట్టు ఎప్పుడూ ఈ వరసలోనే కదులుతుంది. దొంగ ముందు కుక్కకి బిస్కెట్ వేసినట్టు.

నాలుగోది రెసిస్టెన్స్, డీబఫ్‌ని అడ్డుకునే బలం. అన్నిటికంటే ఎక్కువ గందరగోళం ఇక్కడే, అందుకే దీనికి ఎక్కువ చోటిస్తున్నాను.

మన రెసిస్టెన్స్‌లోంచి అవతలివాడి యాక్యురసీ (డీబఫ్ ఎక్కించే బలం) తియ్యాలి. వచ్చిన అంకె 15 కంటే ఎక్కువైతే అంత శాతం అడ్డుకుంటాం. తక్కువైతే 15% అడ్డుకుంటాం. ఆ 15% ఎవడూ తగ్గించలేడు, ఎంత యాక్యురసీ ఉన్నా సరే. మాన్‌స్టర్లకి మామూలుగా రెసిస్టెన్స్ 15 నుంచే మొదలవుతుంది, కొన్నిటికి అవేకెన్ చేసినప్పుడు (మేలుకొలిపి బలం పెంచినప్పుడు) 25 కలుస్తుంది.

ఇప్పుడు చూడండి. అవతలివాడి యాక్యురసీ 55. నా దగ్గర ఏమీ లేక 15 ఉంది. తీసేస్తే మైనస్, కాబట్టి 15% అడ్డుకుంటాను. కష్టపడి సబ్‌స్టాట్‌లు (రూన్ మీద ఉండే చిన్న అదనపు అంకెలు) వెతికి 40కి తెచ్చాను. మళ్లీ మైనస్, మళ్లీ 15%. ఇంకా పెంచి 60 చేశాను. 60లోంచి 55 పోతే 5. మళ్లీ 15 శాతమే! 70 దాటేదాకా ఒక్క పైసా లాభం లేదు. 100 చేస్తే 45%. సగంలో ఆగిన రెసిస్టెన్స్ గట్టు దాకా రాని వంతెన. ఇది అర్థమయ్యే లోపు నేను ఎన్ని రూన్‌లు పాడుచేశానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పెడితే నిండా పెట్టాలి, లేదా అసలు మానేసి ఆ చోటుని హెచ్‌పీకో వేగానికో ఇవ్వాలి.

నిండా ఎలా వస్తుంది? రెసిస్టెన్స్ మెయిన్ స్టాట్‌గా (రూన్ ఇచ్చే పెద్ద అంకెగా) వచ్చేది ఆరో స్లాట్‌లో, అంటే రూన్ పెట్టే ఆరో గూట్లో, మాత్రమే. ఆరు నక్షత్రాల రూన్‌ని +15 దాకా తీసుకెళ్తే 64 ఇస్తుంది. ఎండ్యూర్ సెట్ రెండు రూన్‌లకి 20. మొదటి 15 కలిపితే 99. ఏదో ఒక సబ్‌స్టాట్‌లో మిగిలిన ఒక్కటీ దొరక్కపోదు. 100 దాటింది లెక్కలోకి రాదు కాబట్టి అక్కడితో ఆపెయ్యాలి. ధర మాత్రం తక్కువ కాదు. అదే ఆరో స్లాట్‌లో 63% హెచ్‌పీ పెట్టుకోవచ్చు, అది వదులుకోవాలి. అందుకే జట్టు మొత్తానికి ఇలా చెయ్యకూడదు. ఒక్కదానికి చాలు. ఎవరికో మీకు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది.

కొనామియాని మళ్లీ కట్టడం

ముందు దాని వేగం తగ్గించాను. తమ్ముడు ఫోన్‌లో అరిచినంత పని చేశాడు. వాడి లోకంలో వేగం తగ్గించుకునేవాడు పిచ్చోడు. కానీ క్లెన్సర్ పని జబ్బు చేశాక మొదలవుతుంది, ముందు కాదు. అవతలి జట్టులో స్ట్రిప్ చేసేవాడు, స్టన్ చేసేవాడు కదిలాక, చంపేవాడు కదిలే ముందు దానికి టర్న్ రావాలి. ఆ సందు ప్రతి పోరులోనూ ఒకేచోట ఉండదు. కానీ అందరికంటే ముందు మాత్రం ఎప్పుడూ ఉండదు.

రెండోది విల్ రూన్. రెండు రూన్‌ల సెట్, పోరు మొదలవగానే ఒక టర్న్ ఇమ్యూనిటీ ఇస్తుంది. ఆ ఒక టర్న్ దాన్ని తొడుక్కున్నవాడి సొంత టర్న్. వేగంగా ఉన్నది తన టర్న్ గబగబా తీసేసుకుని ఇమ్యూనిటీ పోగొట్టుకుంటుంది. నెమ్మదిగా ఉన్నది అవతలివాళ్లంతా కొట్టి అలిసిపోయే దాకా దాన్ని తొడుక్కునే ఉంటుంది. నా పాత కొనామియాకి విల్ పెట్టి ఉన్నా వృథాయే అయ్యేది, గొడుగు వేసుకుని వానకి ముందే ఇంటికొచ్చేసినట్టు.

మూడోది రెసిస్టెన్స్ 100. ఎందుకంటే విల్‌ని స్ట్రిప్ చేస్తారు. స్ట్రిప్ కూడా ఈ రెసిస్టెన్స్ గడప దాటే రావాలి. మన ఎటాక్ బార్ (టర్న్ ఎంత దగ్గరపడిందో చూపే గీత) తగ్గించే స్కిల్స్ కూడా దాటాలి, వాటిని ఇమ్యూనిటీ ఆపలేదు, రెసిస్టెన్స్ ఆపగలదు. అందుకే విల్ ఒక్కటీ చాలదు, రెసిస్టెన్స్ ఒక్కటీ చాలదు. రెండూ కలిస్తేనే మందులమ్మ లేచి నిలబడుతుంది.

నన్ను ఓడించిన జట్టు డిస్పేర్ రూన్‌ల జట్టు. నాలుగు రూన్‌ల సెట్, ఏ దెబ్బకైనా 25% స్టన్ అవకాశం. భయపడాల్సిన సెట్టే. కాకపోతే డిస్పేర్ పెట్టేవాళ్లు చాలామంది యాక్యురసీ పట్టించుకోరు, స్టన్ దానంతటదే వస్తుందనుకుంటారు. అదీ రెసిస్టెన్స్ దాటాల్సిందే. మామూలు 15% మాన్‌స్టర్ మీద ఆ 25% కాస్తా 21% చిల్లర అవుతుంది. అవతల యాక్యురసీ 20 ఉండి, నా దగ్గర 100 ఉంటే 80% అడ్డుకుంటాను, అప్పుడు స్టన్ పడే అవకాశం 5 శాతమే. నూటికి ఇరవై ఒకటి ఎక్కడ, అయిదు ఎక్కడ.

అవతలివాడి యాక్యురసీ 85 దాటిందంటే నా 100 కూడా ఉత్తదే, మళ్లీ ఆ 15% దగ్గరికే వస్తాం. అలాంటివాళ్లు తగిలితే నేను రెసిస్టెన్స్ మీద ఆశ వదిలేసి వూసాని తెస్తాను, అది మనవాళ్లందరికీ ఇమ్యూనిటీ, షీల్డు ఇస్తుంది. అవతలివాడి అంకెలు ముందే కనపడవు కదా అంటారేమో. కనపడవు. కానీ పోరులో తల మీద లేచే అక్షరాలు చూస్తే తెలుస్తుంది. రెసిస్ట్ అని మాటిమాటికీ లేస్తుంటే వాడి యాక్యురసీ తక్కువ. గ్లాన్సింగ్ అని లేస్తే అది జాతి వల్ల, దాన్ని చూసి రెసిస్టెన్స్ పనిచేస్తోందని సంబరపడకూడదు. నేను షాపు నోట్‌బుక్ చివరి పేజీలో రెంటికీ వేరువేరుగా గీతలు గీస్తాను. మా ఆయన అవి బాకీల లెక్కలనుకున్నాడు.

ఏది తియ్యాలి, ఏది వదిలెయ్యాలి

క్లెన్స్‌కి కూల్‌డౌన్ ఉంటుంది. అందుకే ప్రతి దానికీ వాడేస్తే అసలు అవసరానికి చేతిలో ఉండదు. ఆటో మోడ్‌తో నా గొడవ ఇదే. పనికిమాలిన డీబఫ్ ఒకటి కనపడితే చాలు, ఆటో దాన్ని తుడిచేసి చేతులు దులుపుకుంటుంది. గిల్డ్ యుద్ధాలు, అరీనా చేత్తో ఆడండి. డంజన్లు ఆటోలో పెట్టుకోండి, అక్కడ ఇంత అవసరం రాదు.

ముందు తియ్యాల్సింది బఫ్ బ్లాక్. అది ఉంటే ఇమ్యూనిటీ కూడా ఎక్కదు. నేను ఒకసారి వూసాతో ఇమ్యూనిటీ వేసి హాయిగా కూర్చున్నాను, గాలియన్‌కి ఎక్కనే లేదు. చూసుకోలేదు. అన్‌రికవరబుల్ కూడా అంతే, హెచ్‌పీ నింపే స్కిల్ వాడే ముందు దాన్ని తియ్యాలి. వరస తప్పితే ఆ నింపడం గంగలో పోసినట్టే.

బాంబు విషయంలో ఒక కిటుకుంది. అది గోడ గడియారం చూసి పేలదు, మోస్తున్నవాడి టర్న్‌లు లెక్కపెట్టి పేలుతుంది. బాంబు మోస్తున్న మనవాడి ఎటాక్ బార్ నింపితే వాడి టర్న్ త్వరగా వస్తుంది, బాంబూ త్వరగా పేలుతుంది. సాయం చేశాననుకుని వత్తి అంటించినట్టు. కంటిన్యూయస్ డ్యామేజ్ కూడా టర్న్ మొదట్లోనే లాగుతుంది కాబట్టి ముందు తుడిచి, ఆ తర్వాత ముందుకు తొయ్యాలి. తుడవడానికి చేతిలో ఏమీ లేకపోతే వాడిని కదపకుండా వదిలెయ్యడమే మేలు. ఈ సంగతి నాకు తెలిసింది వరసగా రెండు పోరులు ఓడాక.

స్టన్ అయితే ఆలోచించాలి. ఒక టర్న్ స్టన్ వాడి తర్వాతి టర్న్‌తో దానంతటదే పోతుంది. ఆ టర్న్‌లో వాడు చెయ్యాల్సిన గొప్ప పనేమైనా ఉందా? గాలియన్ అయితే ఉంది, అవతలివాళ్ల డిఫెన్స్ విరగ్గొట్టాలి, మనవాళ్ల దాడి పెంచాలి, తీస్తాను. హెచ్‌పీ నిండా ఉండి, స్కిల్స్ అన్నీ కూల్‌డౌన్‌లో ఉన్నవాడైతే పడుకోనిస్తాను.

డిఫెన్స్ బ్రేక్ గురించి పైన చెప్పాను. అవతల చంపేవాడి టర్న్ దగ్గర పడితే ఆలోచించకుండా తీసెయ్యడమే. ఎటాక్ బ్రేక్ హెచ్‌పీ నింపేవాడి మీద పడితే సాధారణంగా నష్టం లేదు, వాడు కొట్టేదెంత. స్లో మాత్రం నాకు ఎప్పుడూ భయమే. చూడ్డానికి చిన్నది, కానీ 30% వేగం పోతే నేను కొలిచిపెట్టుకున్న వరస మొత్తం తారుమారవుతుంది.

వెరోమోస్ ఉన్నాడు కదా, అన్నీ వాడే చూసుకుంటాడనుకోకండి. వాడు మంచివాడే, ఫ్యూజన్‌తో (వేరే మాన్‌స్టర్లను కలిపి) చేసుకోవచ్చు కాబట్టి ఎవరికైనా దొరుకుతాడు. కానీ ఒక్కొక్కరి మీద నుంచి ఒక్కోటే తీస్తాడు. మూడు పడితే మూడు టర్న్‌లు. అందుకే వెరోమోస్‌కి వేగం కావాలి, కొనామియాకి అక్కర్లేదు. ఒకడు రోజూ ఊడ్చేవాడు, ఇంకొకరు పండక్కి ఇల్లు కడిగేవాళ్లు. ఇద్దరికీ ఒకే రూన్‌లు పెట్టకూడదు.

మనం డీబఫ్ వేసేటప్పుడు కూడా లెక్క ఇదే, తిరగేసి చూడాలి. అవతలివాడి రెసిస్టెన్స్ 40 అయితే మనకి 25 యాక్యురసీ చాలు, అక్కడికే వాడి అడ్డు 15%కి దిగిపోతుంది. అంతకంటే ఎంత పెట్టినా ఆ 15% కరగదు. 75% స్కిల్ కూడా నిజానికి 64% లోపే పడుతుంది. కాబట్టి ఒక్క డిఫెన్స్ బ్రేక్ మీద జట్టు మొత్తం ఆధారపడేలా కట్టుకుంటే మూడోసారో నాలుగోసారో బోల్తా కొడతారు. విరగ్గొట్టేవాళ్లు ఇద్దరుండాలి.

మళ్లీ అదే జట్టు

పోయిన వారం మళ్లీ డిస్పేర్ జట్టు ఒకటి తగిలింది. పాతవాళ్లే కాదు గానీ అదే పోకడ. తమ్ముడు డ్యూటీకి వెళ్లే ముందు ఫోన్‌లో ఉన్నాడు. వాళ్ల స్ట్రిప్పర్ కదిలింది. వెరోమోస్ బఫ్ పోయింది, గాలియన్ బఫ్ పోయింది, కొనామియా తల మీద రెసిస్ట్ అని లేచింది. తర్వాత స్టన్ చేసేవాడు ముగ్గురినీ కొట్టాడు. గాలియన్ పడుకున్నాడు. వెరోమోస్‌కి డిఫెన్స్ విరిగింది. కొనామియా రెక్కలు ఆడించుకుంటూ అక్కడే ఉంది, విల్ ఐకాన్ ఇంకా వెలుగుతోంది.

"ఇప్పుడేటి సేస్తావు?" అన్నాడు వాడు.

"నువ్వు 60 రెసిస్టెన్స్ పెట్టి ఊరుకున్నావు కదా, చూస్తూ ఉండు" అన్నాను. వాడి కొనామియాకి ఇప్పటికీ అరవయ్యే. ఆరో స్లాట్‌లో హెచ్‌పీ రూన్ తియ్యడానికి మనసొప్పలేదట.

దాని టర్న్ వచ్చింది. మూడో స్కిల్ మీద వేలు పెట్టబోతుంటే కౌంటర్ అవతల ఎవరో నాణెంతో అద్దం మీద కొట్టారు. స్కాలర్‌షిప్ ఫారాలు పట్టుకుని ఇద్దరు కాలేజీ పిల్లలు, ఇరవై పేజీలు, రెండు వైపులా ప్రింటు. చేత్తో ఆడుతుంటే ఈ ఆట మన కోసం ఆగుతుంది, అదొక్కటి మంచి గుణం. ఫోన్‌ని టోనర్ డబ్బా మీద తిప్పిపెట్టి మెషిన్ ఆన్ చేశాను. స్పీకర్‌లోంచి తమ్ముడు "నొక్కే, నొక్కే" అంటూనే ఉన్నాడు. ఆ పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, "అపా, కేతే హేలా?" (అక్కా, ఎంతయింది?) అని అడిగారు.